చుట్టుకు బెత్తెడు తేడా

జూలై నెల, రెండో ఆదివారం. ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. మబ్బు పట్టి ఉంది, వాన లేదు.

కారులో ఉన్నవారు నలుగురు. స్టీరింగు ముందు మా కోడలు. ఆమె పక్కన నేను, ఒళ్ళో కారు పుస్తకం. వెనక సీట్లో కుడివైపు నా భార్య, ఎడమవైపు మా అబ్బాయి.

ఆనాటి పేజీ ఇలా మొదలవుతుంది. సూర్యాపేటలో మా ఇంటి నుంచి కోదాడలోని నా భార్య అక్కగారింటికి బయలుదేరాం. చుట్టపుచూపు అన్నది పేరుకే. అసలు సంగతి వేరు, అది కారులో ఉన్న నలుగురికీ తెలుసు.

మా కోడలు ల్యాబ్ టెక్నీషియన్. పట్టణంలో ఇంటి నుంచి నడిచిపోయేంత దూరంలో ఉన్న దవాఖానలో ఎనిమిదేళ్ళు పని చేసింది. ఆ నెల మొదట్లో ప్రమోషన్ వచ్చింది, గరిడేపల్లికి. సోమవారం పొద్దున వెళ్ళి చేరాలి, లేదంటే నాకు వద్దని కాగితం రాసివ్వాలి. ఒకసారి వద్దంటే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో చెప్పేవారు లేరు. పొద్దున్నే పరగడుపున వచ్చేవాళ్ళ రక్తం తీయాలి, ఆ వేళకు అందే బస్సు లేదు. సొంతంగా కారు నడుపుకుంటూ వెళ్ళి రావడం ఒక్కటే దారి. ఇంట్లో కారు ఉంది. నడపడం ఆమెకు వచ్చు. చివ్వెంల దగ్గర పుట్టిల్లు, పెళ్ళికి ముందే స్కూటీ నడిపిన మనిషి. కారు నేర్పింది నేను. నేర్చుకున్న కొత్తలో నాకంటే నున్నగా నడిపేది.

అలాంటిది మూడు నెలలుగా నేర్చుకున్నదంతా మరిచిపోతున్నట్టు కనిపించింది. భయం పట్టుకుంది. వద్దని రాయాల్సిన కాగితం ఆమె శుక్రవారం నాడే రాసి పెట్టుకుంది. చివరిసారిగా ఆదివారం కోదాడ దాకా పోను రాను తనే నడపాలని, అది సజావుగా సాగకపోతే ఆ కాగితమే ఇవ్వాలని ఇంట్లో ఒప్పందం.

కారు పుస్తకం గురించి చెప్పాలి. నేను రెండు పుస్తకాలు రాస్తాను. ఒకటి ఇంటి డైరీ, ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి ఒక్క రోజూ తప్పలేదు. రెండోది కారు కొన్న రోజున మొదలుపెట్టింది. ఎక్కడికి వెళ్ళాం, బయలుదేరినప్పుడు మీటరు ఎంత, చేరినప్పుడు ఎంత, నడిపింది ఎవరు, ఇవన్నీ అందులో ఉంటాయి. కోడలికి నేర్పడం మొదలైనప్పటి నుంచి కుడి పేజీలో ఆమె పొరపాట్లు వరస సంఖ్యలతో రాస్తూ వచ్చాను. “స్పీడ్ బ్రేకర్ మీద ఇంజను ఆగింది.” “ఎడమ వెనక చక్రం గేటు దిమ్మెకు రాసుకుంది.” “సందు మలుపులో స్టీరింగు పూర్తిగా తిప్పలేదు, వెనక్కి తీసి మళ్ళీ తిప్పాల్సి వచ్చింది.” నేర్పేవాడికి పనికొస్తుందని రాశాను. రాసినది ఎప్పుడూ రాసినవాడి చేతుల్లోనే ఉండిపోదు. పోయిన బుధవారం అన్నాల దగ్గర మా అబ్బాయి ఆ పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

“నేను చెప్పుడు కాదు. నాయిన రాసిండు, పద్దెనిమిది సార్లు. నువ్వే సదువుకో.”

ఆమె చదవలేదు. నేను వద్దని అనలేదు. నిజం చెప్పాలంటే, నా పుస్తకం సాక్ష్యానికి పనికొచ్చిందన్న చిన్న సంతోషం కూడా ఆ క్షణాన నాలో లేకపోలేదు. ఈ మాట ఆ రోజు డైరీలో రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

హైవే ఎక్కేదాకా ఏమీ జరగలేదు. ఎక్కాక ఆమె స్టీరింగును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. లారీలు నడిచి నడిచి రోడ్డు మీద రెండు గాడులు పడి ఉంటాయి. మా కారు వాటిలోకి దిగినప్పుడల్లా పక్కకు లాగుతోంది, ఆమె సరిచేస్తోంది. భుజాలు బిగుసుకుపోయాయి. అరవై దాటకుండా పోతోంది. వెనక నుంచి మా అబ్బాయి ఫోనులో దారి చూపించే మ్యాపు పెట్టుకున్నాడు. అందులో వేగం కూడా కనబడుతుంది. అరవై మూడు చూపిస్తోందని, అరవై అని చెప్పి ఎక్కువ తోలుతున్నావని అన్నాడు. ఆమె మీటరు వైపు చూసింది. నేనూ చూశాను. ముల్లు అరవై మీదే ఉంది. ఫోనులు అలాగే తప్పు చూపిస్తాయని నేను తీర్పు చెప్పేశాను.

కోదాడ ఊళ్ళోకి తిరిగాక ఒక స్పీడ్ బ్రేకర్ వచ్చింది. రెండో గేరులో మెల్లగా ఎక్కించింది. ముందు చక్రాలు ఎక్కాయి, ఇంజను ఒకసారి వణికి ఆగిపోయింది. వెనక లారీ హారన్ మోగిస్తోంది. మా అబ్బాయి నిట్టూర్చాడు. సెకండ్ గేరులో ఎవరైనా బ్రేకర్ ఎక్కిస్తారా అన్నాడు. ఆమె తాళం తిప్పుతూ, వెనక్కి చూడకుండా అంది.

“ఇంతకుముందు ఇదే గేర్ల ఎక్కేది.”

నేను పుస్తకం తెరిచి పంతొమ్మిది అని అంకె వేశాను. పక్కన మీటరు అంకె కూడా రాయడం నా అలవాటు. రాయబోయి ఆగిపోయాను. మా ఇంటి నుంచి ఆ మలుపు దాకా నలభై ఐదు కిలోమీటర్లు. కారు కొన్నప్పటి నుంచి ఎన్నిసార్లు వచ్చినా అంతే, అరకిలోమీటరు తేడా కూడా లేదు. ఆ రోజు నలభై రెండు ముప్పావు చూపిస్తోంది. పేజీలు వెనక్కి తిప్పాను. జూన్‌లో వచ్చినప్పుడు కూడా నలభై రెండు ముప్పావే. దాని పక్కన నా చేతిరాతలోనే, “బైపాసు వల్ల దారి తగ్గినట్టుంది” అని ఉంది. మేము బైపాసు మీద రానేలేదు. లెక్క కుదరకపోతే నేనే ఒక కారణం కల్పించి రాసుకున్నాను.

రోడ్డు రెండు కిలోమీటర్లు కుంచించుకుపోదు.

స్టీరింగు లాగుతోంది, గాలి చూపిద్దామని కోడలు ఒక టైర్ల దుకాణం ముందు ఆపింది. దుకాణం అతనికి యాభై ఏళ్ళుంటాయి. గాలి గొట్టం చేతిలోనే ఉంది గానీ పెట్టలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

“ఈ చక్రాలు ఈ బండివి కాదు కదండీ. పెద్ద బండివి తెచ్చి వేసుకున్నారా?”

ఏప్రిల్‌లో మా అబ్బాయి వేయించాడు. మిర్యాలగూడలో వాడి స్నేహితుడికి రైసు మిల్లు ఉంది, అతను కారు మార్చినప్పుడు పాత కారు డిజైను చక్రాలు, అల్లాయ్ వీల్స్, మిగిలితే వీడికి ఇచ్చాడు. దుకాణం అతను డ్రైవరు తలుపు తెరిచి, తలుపు మూసుకునే స్తంభం మీద అతికించిన, టైరు కొలతా గాలీ ఎంతుండాలో రాసి ఉండే చిన్న కాగితం నాతో చదివించాడు. నూట అరవై ఐదు, ఎనభై, పద్నాలుగు. తరువాత టైరు పక్క మీద ఉబ్బెత్తుగా ఉన్న అంకెలు చదివించాడు. రెండు వందల ఐదు, అరవై, పదహారు. మొదటిది వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో నూటికి ఎన్నో వంతు టైరు ఎత్తు. మూడోది లోపలి రిమ్ము, అంగుళాల్లో. రోజూ కారు తుడిచేవాణ్ణి నేనే. ఆ అంకెలు ఒక్కసారీ చదవలేదు.

చక్రం పెద్దదైతే ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. కారు మాత్రం పాత చక్రమే ఉందనుకొని చుట్లు లెక్కపెట్టుకుంటుంది. అందుకే మీటరు అరవై అన్నప్పుడు కారు అరవై మూడులో పోతోంది. అందుకే దారి తగ్గినట్టు కనిపించింది. ఫోను సరిగ్గానే చెప్పింది. అతను కోడలిని స్టీరింగు పూర్తిగా తిప్పమని, మడ్‌గార్డు లోపల ప్లాస్టిక్ మీద నున్నగా మెరుస్తున్న గీతలు చూపించాడు. టైరు అక్కడ రాసుకుంటోంది. సందు మలుపుల్లో ఆమె పూర్తిగా తిప్పకపోవడానికి కారణం ఆ గరగరే. చక్రాలు బాడీ కంటే రెండు వేళ్ళు బయటికి వచ్చి ఉన్నాయి, గేటు దిమ్మెకు తాకేది అవే.

మా అబ్బాయి ఊరుకోలేదు. హైవే మీద ఎనభైలో మలుపు తిప్పి చూడమని, కారు రోడ్డును అతుక్కొని పోతుందని అన్నాడు.

“పట్టు బాగానే ఉంటుందండీ, అది కాదనను,” అన్నాడు దుకాణం అతను. “ఊళ్ళో మాత్రం బరువెక్కిపోద్ది. అర గేరు పెరిగినట్టే లెక్క. ఇదివరకు సెకండ్‌లో ఎక్కిన బ్రేకర్ ఇప్పుడు ఫస్ట్‌లో ఎక్కాలి. నడిపేవాళ్ళకి ఆ ముక్క చెప్పాలి కదండీ. చెప్పకపోతే తప్పు వాళ్ళదే అనుకుంటారు, పాపం.”

నేను పుస్తకం పట్టుకొని అక్కడి బెంచీ మీద కూర్చున్నాను.

నా ఉద్యోగమంతా కాలువ గట్ల మీద గడిచింది. తూముల దగ్గర గేజి పలక మీద నీటి మట్టం చూసి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రిజిస్టరులో రాయడం. దానికి ఒక నియమం ఉంది. పలక పాతబడి కొత్తది పాతిన రోజున పేజీకి అడ్డంగా ఎర్రసిరాతో గీత గీయాలి. ఆ గీతకు పైన ఉన్న అంకెలను కింద ఉన్న అంకెలతో పోల్చకూడదు. నీళ్ళు తగ్గాయో పెరిగాయో చెప్పే ముందు, కొలిచే పలక మారిందా అని చూడాలి. ఆ గీత గీయలేదని ఒక కుర్ర ఉద్యోగిని నలుగురిలో నిలబెట్టి తిట్టాను. అతను ఆ వేసవిలో ఒక రైతును నీళ్ళు దొంగిలించావని అన్నాడు, పలక నాలుగు అంగుళాలు పైకి పాతి ఉందని తరువాత తెలిసింది.

చక్రాలు మార్చిన సంగతి నేను రాయకపోలేదు. ఇంటి డైరీలో రాశాను. ఆ వాక్యాలు నాకు గుర్తున్నాయి. “అబ్బాయి కారుకు కొత్త చక్రాలు వేయించాడు, చూడటానికి బాగున్నాయి. ఆవకాయకు మామిడికాయలు వచ్చాయి.” మామిడికాయల పక్కన రాశాను, కారు పుస్తకంలో కాదు. కారు పుస్తకంలో వారం తరువాతి పేజీ తీశాను. “స్టీరింగు బరువుగా ఉందని కోడలు అంటోంది. కొన్నాళ్ళుగా నడపలేదు, చెయ్యి తప్పినట్టుంది.” ఆమె చెప్పింది. నేను రాసుకున్నాను. రాసుకుంటూనే కొట్టిపారేశాను. పద్దెనిమిదిలో పదహారు చక్రాలు మార్చిన తేదీ తరువాతివే.

కోడలు గాలి పట్టించుకొని వచ్చి బెంచీ పక్కన నిలబడింది. ఆమెకు పేజీ చూపించాను.

“తప్పు నాదమ్మా. చక్రాలు మార్చినంక రాసినయేవీ నీ లెక్కలకు రావు.”

ఆమె ఈసారి చదివింది. వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివింది. కోపం లేదు, గొంతు కూడా పెంచలేదు.

“గిన్నిసార్లు రాసిన్రు గద మామయ్యా. కారు ఎట్లున్నదమ్మా అని ఒక్కసారి అడగకపోతిరి.”

నేను పుస్తకం మూసి కలం జేబులో పెట్టుకున్నాను.

పాత చక్రాలు ఎక్కడున్నాయని నా భార్య అడిగింది. మిర్యాలగూడ మిల్లులోనే, గోనె సంచుల కొట్టంలో పెట్టి వచ్చానని అబ్బాయి చెప్పాడు. ఇప్పుడు అవి తెచ్చి వేస్తే కారు బక్కపడినట్టు కనిపిస్తుందని, స్నేహితుడు ప్రేమగా ఇచ్చినవని, ఇంతకంటే పెద్ద బండ్లు ఆడవాళ్ళు నడపడం లేదా అని వరసగా చెప్పుకుంటూ పోయాడు. వాడి మాటల్లో నాకు కొంత అర్థం కనిపించింది. వాడు కూర్చునే ఎరువుల దుకాణం, మోటారు సైకిలు, ఎండ, ఇవే వాడి వారమంతా. ఆదివారం ఖాళీ హైవే మీద ఆ కారు నడిపే గంట ఒక్కటే వాడిది. ఆ గంటకు ఆ చక్రాలు మంచివే. ఆమె నడిపేది సందులు, బ్రేకర్లు, బురద పట్టిన ఊరి రోడ్లు. ఒకే మార్పు ఒకరికి పట్టునిచ్చి, ఇంకొకరి చేతుల్లోంచి దాన్ని తీసేసుకుంది. ఎవరి దారి వాళ్ళు నడిచి చూసుకున్నారు, రెండో దారి గురించి ఎవరూ అడగలేదు.

నా భార్య ఇంత ఆలోచించలేదు.

“అయితే నువ్వే పో గరిడేపల్లికి, రక్తం తియ్యి. ఆమె దుకాణంల కూసుంటది,” అంది. తరువాత నా వైపు తిరిగి, “అక్కను వచ్చే వారం సూస్త. కారు మిర్యాలగూడకు మళ్ళిద్దం” అంది.

దుకాణం అతని ముఖంలో నవ్వు కనబడింది, మర్యాదకు అటు తిరిగాడు.

కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా కోడలే నడిపింది. బ్రేకర్ కనబడగానే మొదటి గేరు వేసింది. ఇంజను ఒక్కసారీ ఆగలేదు. ఎడమవైపు ఒక జానెడు ఎక్కువ జాగా వదిలింది. మలుపుల్లో ముందుగానే వెడల్పుగా తిప్పింది. కారు మారలేదు, ఉన్నదేమిటో తెలిసింది, అంతే. ముప్పై మైళ్ళ దారిలో నేను ఒక్క అంకె వేయలేదు.

మిల్లులో పాత చక్రాలు నాలుగూ ఉన్నాయి, పావురాల రెట్టలతో తెల్లబడి. అక్కడే వేసుకుందామంటే బోల్టులు కుదరలేదు. డిజైను చక్రాలకు వేరే బోల్టులు ఉంటాయట, పాతవి ఇంట్లో ఉన్నాయి. అందుకని చక్రాలనే ఇంటికి తేవాల్సి వచ్చింది. రెండు డిక్కీలో పట్టాయి. రెండు వెనక సీట్లో, నా భార్య పక్కన. మా అబ్బాయికి చోటు లేకపోయింది. వాడు బస్సులో వస్తానన్నాడు. కారు కదిలేటప్పుడు నా భార్య అద్దం దించి, నీ జాగల ఇది కూసున్నది, ఏమనుకోకు అని చక్రాన్ని చూపించింది. వాడు నవ్వలేదు గానీ, చక్రం దొర్లకుండా తన తువ్వాలు మడిచి కింద పెట్టాడు.

ఇంటికి చేరేసరికి నాలుగున్నర. వాకిట్లో సుద్దముక్కతో గీత గీశాను. పాత చక్రం మీద ఒక గుర్తు పెట్టి, గీత దగ్గర నుంచి ఒక పూర్తి చుట్టు దొర్లించి, ఆగిన చోట ఇంకో గీత గీశాను. కారు చక్రానికీ గుర్తు పెట్టి, కోడలిని మెల్లగా ముందుకు కదిలించమని అలాగే గీశాను. టేపుతో కొలిస్తే రెండు గీతల మధ్య తేడా పది సెంటీమీటర్లు. నా చేత్తో కొలిస్తే బెత్తెడు మీద ఇంకో వేలు. ఒక చుట్టుకు అంతే. కోదాడ చేరేసరికి అది రెండు కిలోమీటర్లు దాటింది, మా ఇంట్లో అది ఒక ఉద్యోగం దాకా వచ్చింది.

బస్సు దిగి వచ్చిన అబ్బాయి వాకిట్లో ఆ గీతలు చూశాడు. ఏమిటివని అడిగాడు. చెప్పాను. గీతలు చెరగకుండా దాటి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ సోమవారం మాట ఎత్తలేదు. కోడలు తన బ్యాగు సర్దుకుంటోందో, కాగితం మళ్ళీ చదువుకుంటోందో మా గది నుంచి తెలియలేదు.

మర్నాడు పొద్దున ఐదున్నరకు స్పానరు చప్పుడుకు లేచాను. మా అబ్బాయి ఒక్కడే వాకిట్లో ఉన్నాడు. మూడు చక్రాలు మార్చేశాడు, నాలుగోది చేతిలో ఉంది. నేను మెట్టు మీద కూర్చున్నాను. బోల్టులు ఎదురెదురుగా బిగిస్తున్నాడు, నేను చెప్పాల్సింది ఏమీ లేదు. చివరిది బిగించి చేతులు తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా చెప్పాడు.

“గేటు దిమ్మెకు నేను గూడ గుద్దిన నాయినా, రెండుసార్లు. ఎవ్వలకు జెప్పలే.”

నా పుస్తకంలో అవి లేవు. వాడు నడిపేటప్పుడు నేను పుస్తకం తీసేవాణ్ణి కాదు. ఆ మాట వాడితో అన్నాను. వాడు తల ఊపి జాకీ దించాడు.

ఏడుంబావుకు కోడలు బయటికి వచ్చింది, టిఫిన్ డబ్బా, బ్యాగు చేతుల్లో పట్టుకొని. చక్రాల వైపు చూసింది, తరువాత భర్త మోకాళ్ళ మీది మట్టి వైపు చూసింది. గాలి నీకు తోచినంత పెట్టినవా, తలుపు కాడి కాగితం చూసి పెట్టినవా అని అడిగింది. కాగితం చూసే పెట్టానని వాడన్నాడు. ఆమె ఒక్కతే ఎక్కి, గేటు దాటి, మలుపులో ఒకే తిప్పుతో తిరిగి వెళ్ళిపోయింది. నేను పక్క సీట్లో లేకుండా ఆ కారులో ఆమె వెళ్ళడం అదే మొదటిసారి.

ఎనిమిది గంటల నలభై నిమిషాలకు ఫోను చేసింది. చేరానని, సంతకం పెట్టానని, అప్పటికే ఏడుగురు పరగడుపున వచ్చి కూర్చున్నారని చెప్పింది. కారు ఎట్లున్నదమ్మా అని అడిగాను.

“మంచిగున్నది మామయ్యా. ఊర్లకు తిరిగేకాడ ఒక్కసారి ఆగింది. గది మాత్రం నా తప్పే, రాసుకోండ్రి,” అంది. వెనక ఎవరో పిలుస్తుంటే ఫోను పెట్టేసింది.